ల్యాప్‌టాప్ మనది, తాళంచెవి ఎవరిది?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మంగళం పాడింది. 2015లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్‌కి ఇక మామూలుగా సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. దాంతో థ్యాంక్స్‌గివింగ్ సేల్‌లోనో, క్రిస్మస్ ముందో మనలో చాలామంది ఇళ్లకి కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. పాతది బాగానే పనిచేస్తున్నా విండోస్ 11కి పనికిరాదంటే ఏం చేస్తాం?

కొత్తది ఆన్ చేసినవాళ్లకి ఒక స్క్రీన్ గుర్తుండే ఉంటుంది. ముందు దేశం అడుగుతుంది, కీబోర్డ్ అడుగుతుంది, వైఫై అడుగుతుంది. తర్వాత మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఇమ్మంటుంది. లేకపోతే ఇప్పుడే ఒకటి తెరవమంటుంది. ‘తర్వాత చూద్దాం’ అనే బటన్ కోసం తెరంతా వెతికినా కనిపించదు. డబ్బు మనం కట్టాం, బిల్లు మన చేతిలో ఉంది, వస్తువు మన డైనింగ్ టేబుల్ మీదే ఉంది. అయినా మనం ఎవరో చెప్పుకుంటే గానీ తెరుచుకోదు.

చాలామంది దీన్ని పట్టించుకోరు. జీమెయిల్ ఉంది, ఫేస్‌బుక్ ఉంది, ఇంకోటి ఉంటే పోయేదేముంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మా వారిది. అయినా ఇంట్లో కంప్యూటర్లు, ఫోన్ల బాధ్యత నా మీదే పడింది. ఆఫీసులో పది గంటలు స్క్రీన్ చూసి వచ్చిన మనిషి ఇంట్లో ప్రింటర్ మొహం కూడా చూడడు కదా! అలా నెత్తిన పడ్డ పని వల్లే ఈ అకౌంట్ల సంగతి కాస్త లోతుగా తెలుసుకోవాల్సి వచ్చింది.

అకౌంట్‌తో కంప్యూటర్ తెరిచే పద్ధతి 2012లో విండోస్ 8తో మొదలైంది. అప్పుడు వద్దంటే వద్దు, పేరూ పాస్‌వర్డూ పెట్టుకుని వాడుకోవచ్చు. దీన్నే లోకల్ అకౌంట్ అంటారు. అంటే తాళం, తాళంచెవి రెండూ ఇంట్లోనే ఉంటాయి. విండోస్ 10 వచ్చాక ‘వద్దు’ అనే మాట చిన్న అక్షరాల్లోకి జారిపోయింది. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 వచ్చినప్పుడు హోమ్ ఎడిషన్‌కి నెట్టూ అకౌంటూ తప్పనిసరి అయ్యాయి. మరుసటి ఏడాదికి సొంతానికి వాడుకునే ప్రో ఎడిషన్‌కీ అదే నియమం పెట్టారు. తెలిసినవాళ్లు దొడ్డిదారులు వెతుక్కున్నారు. సెటప్ మధ్యలో రెండు బటన్లు కలిపి నొక్కితే ఒక నల్లటి పెట్టె తెరుచుకుంటుంది, అందులో ఒక కమాండ్ కొడితే అకౌంట్ అడగదు. 2025 మార్చిలో ఆ దారుల్లో బాగా పేరున్న దాన్ని టెస్టింగ్ వెర్షన్‌లోంచి తీసేశారు. సెటప్ దాటి బయటికొచ్చే ప్రతి ఒక్కరికీ నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండేలా చూడటానికే ఇదంతా అని కంపెనీయే చెప్పింది. అక్టోబర్ వచ్చేసరికి మిగతా దారులు కూడా మూయడం మొదలుపెట్టింది. వాటివల్ల ముఖ్యమైన సెటప్ స్క్రీన్లు దాటిపోతున్నాయట, కంప్యూటర్ సగం సగం తయారవుతోందట.

కంపెనీ వాదనలో నిజం లేకపోలేదు. లోకల్ అకౌంట్ పాస్‌వర్డ్ మరిచిపోతే ఎంత తిప్పలో పడ్డవాళ్లకి తెలుసు. రెస్టారెంట్ పార్కింగ్‌లో కారు అద్దం పగలగొట్టి ల్యాప్‌టాప్ బ్యాగ్ ఎత్తుకుపోయిన కథలు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని చూడలేదు! అలా పోయినప్పుడు లోపలి ఫైళ్లు దొంగకి దొరక్కుండా ఉండాలంటే డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచాలి. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్త సెటప్‌లలో ఈ పని దానంతట అదే జరుగుతోంది. ఇంతవరకూ మంచిదే. పేరోల్ స్లిప్పులు, పాస్‌పోర్ట్ స్కాన్లు, ఐ-797లు, ట్యాక్స్ రిటర్న్‌లు అన్నీ అందులోనే పెట్టుకునే మనలాంటివాళ్లకి ఇది అవసరం కూడా.

కానీ ఆ ఎన్‌క్రిప్షన్ విప్పే రికవరీ కీ, 48 అంకెలది, మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఏదో అప్‌డేట్ తర్వాతో, రిపేర్‌లో ఒక భాగం మార్చాకో కంప్యూటర్‌కి అనుమానం వచ్చి నీలం తెర మీద ఆ కీ అడిగిందనుకోండి. అకౌంట్‌లోకి వెళ్లగలిగితే అయిదు నిమిషాల పని. వెళ్లలేకపోతే ఫైళ్లన్నీ పోయినట్టే. చాలామందికి తమ డిస్క్‌కి తాళం పడిందనే తెలియదు, ఇక దానికో కీ ఉందని తెలియడం ఎక్కడ! పైగా ఆ కీ అవతల కంపెనీ చేతిలోనూ ఉంటుంది. గ్వామ్‌లో ఒక మోసం కేసులో ఎఫ్‌బీఐ వారంట్ తెస్తే మైక్రోసాఫ్ట్ ఇలాంటి కీలు ఇచ్చిందని 2026 జనవరిలో ఫోర్బ్స్ రాసింది. నేరస్తుల ల్యాప్‌టాప్ తెరవడం మీద నాకు పేచీ లేదు. ఇవ్వగలిగే స్థితిలో కంపెనీ ఉందన్న సంగతి ఎంతమందికి తెలుసు అన్నదే నా ప్రశ్న.

అకౌంట్ నిజంగా సాంకేతిక అవసరమా, లేక కంపెనీ పెట్టుకున్న షరతా? విండోస్ 10 విషయంలో జరిగింది చూస్తే నాకైతే జవాబు దొరికింది. పాత కంప్యూటర్ పారేయలేనివాళ్లకి 2026 అక్టోబర్ 13 దాకా ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. దానికి మూడు దారులు పెట్టారు: 30 డాలర్లు కట్టడం, లేదా మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు 1000 ఇవ్వడం, లేదా మన సెట్టింగ్‌లని వాళ్ల క్లౌడ్‌లోకి బ్యాకప్ చేయడం. మూడింటికీ అకౌంట్ కావాలి. డబ్బులు చెల్లించేవాళ్లకి కూడా! యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీశాయి. సెప్టెంబర్‌లో కంపెనీ దిగొచ్చి, యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో ఉన్నవాళ్లకి బ్యాకప్ షరతు లేకుండా ఉచితంగా ఇస్తామంది. అకౌంట్‌తో సైన్ ఇన్ కావడం మాత్రం అక్కడా వదల్లేదు. 60 రోజులకోసారైనా సైన్ ఇన్ కాకపోతే అప్‌డేట్లు ఆగుతాయి. బ్రిటన్ ఆ ఏరియాలో లేదు కాబట్టి డబ్లిన్‌లో ఉన్న మన వాళ్లకి ఉన్న వెసులుబాటు లండన్‌లో ఉన్నవాళ్లకి లేదు. దుబాయ్, కువైట్, డాలస్ సంగతి సరేసరి. కంప్యూటర్లు అవే, అప్‌డేట్లు అవే. అడిగేవాళ్లు ఉన్నచోట షరతు సడలింది, లేనిచోట అలాగే ఉంది.

అకౌంట్ ఇచ్చాక కథ అక్కడితో ఆగదు. సెటప్‌లో చూసుకోకపోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం మొదలవుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అమ్మాయి ఓణీల ఫంక్షన్ వీడియో ఒక్కటి చాలు, అది నిండిపోవడానికి. అప్పటినుంచి నెలనెలా కట్టమని గుర్తుచేస్తూనే ఉంటుంది. అమ్మకం అయిపోయాక కూడా కొనుగోలుదారుణ్ణి చేతిలో ఉంచుకోవడం అంటే ఇదే. మైక్రోసాఫ్ట్ ఒక్కదాన్నే అనడం కూడా అన్యాయం. క్రోమ్‌బుక్‌ని గెస్ట్‌గా తప్ప గూగుల్ అకౌంట్ లేకుండా వాడలేం. మ్యాక్‌లో ఇప్పటికీ అకౌంట్ దాటవేసే వీలుంది. ఐఫోన్, ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ దాటవేయవచ్చు గానీ యాప్ స్టోర్ తెరవాలంటే అకౌంట్ ఇవ్వాల్సిందే.

ఇక మన ప్రత్యేకమైన చిక్కు గురించి చెప్పాలి. అకౌంట్ అంటే చివరికి ఒక ఫోన్ నంబర్. మన కుటుంబాల్లో ఆ నంబర్ రెండు దేశాల మధ్య తిరుగుతూ ఉంటుంది.

రెండేళ్ల కిందట మా మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉన్నారు. ఇక్కడి సిమ్ వేసి, అక్కడి సిమ్ జాగ్రత్తగా కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకున్నారు. తిరిగి వెళ్లి వేస్తే అది పనిచేయలేదు. ఇండియాలో ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకుండా ఉండి, అందులో బ్యాలెన్స్ కూడా లేకపోతే తీసేస్తారు. తర్వాత ఆ నంబర్ వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. మాకు తెలిసి కూడా రీచార్జ్ చేయించడం మరిచిపోయాం. కొత్త సిమ్, కొత్త నంబర్ తీసుకున్నారు. నెల తిరక్కుండానే పాత ఫోన్ నీళ్లలో పడి పాడైంది. కొత్త ఫోన్‌లో అకౌంట్ తెరవబోతే కోడ్ పాత నంబర్‌కి పంపానంది. ఇంకో దారి ఉందా అంటే, రికవరీ మెయిల్‌గా మా వారు ఎప్పుడో పెట్టిన ఆఫీస్ మెయిల్ చూపించింది. ఆ ఉద్యోగం మానేసి నాలుగేళ్లయింది.

ఆయన ఫోన్ చేసి, “అమ్మాయ్, ఇది నా పేరు అడుగుతోంది, చెబితే నువ్వు కాదంటోంది” అన్నారు.

నవ్వొచ్చింది ఆ క్షణానికి. తర్వాత నవ్వు రాలేదు. ఆ అకౌంట్‌లో అత్తయ్యగారి ఫొటోలున్నాయి. ఆవిడ పోయి అప్పటికి ఏడాదిన్నర. చివరి రెండేళ్లలో ఆయన తీసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఆవిడ పెరట్లో కనకాంబరాలు కోస్తున్నవి, మా పిల్లలతో వీడియో కాల్‌లో ఉన్నవి, ఆస్పత్రికి వెళ్లేముందు గుమ్మంలో నిలబడినది. మేం నింపిన ఫారాలకి లెక్కలేదు. ప్రతిసారీ మీరే అసలు యజమాని అని నిర్ధారించలేకపోతున్నాం అనే జవాబు. మాట్లాడటానికి మనిషి దొరకలేదు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. తప్పు సగం మాదే. చివరికి బంధువుల వాట్సాప్‌లలో వెతికి, ఎవరెవరికి పంపారో గుర్తుచేసుకుని, ఒక నలభై ఫొటోలు పోగుచేశాం. గుమ్మంలో నిలబడినది ఎవరి దగ్గరా లేదు.

నంబర్ పోతే ఇలా. నంబర్ ఉండి, పాస్‌వర్డ్ గుర్తుండి, ఏ తప్పూ చేయకపోయినా తలుపు మూసుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, చంటిపిల్లాడికి నలతగా ఉంటే నర్సు అడిగిందని వాపు ఉన్నచోట ఫొటో తీసి డాక్టర్‌కి పంపాడు. దాన్ని గూగుల్ యంత్రం పిల్లల మీద అఘాయిత్యం కింద లెక్కేసి అకౌంట్ మూసేసింది. పోలీసులు విచారించి నేరమేమీ లేదని తేల్చారు. అయినా అకౌంట్ తిరిగి ఇవ్వలేదని 2022లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. అతని మెయిల్, ఫొటోలు, ఫోన్ నంబర్ అన్నీ ఆ కంపెనీవే కావడంతో అన్నీ ఒకేసారి పోయాయి. మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ గుజరాత్‌ది. ఒక ఇంజినీర్ తన రెండేళ్ల వయసు నాటి ఫొటో గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. అందులో నాయనమ్మ అతనికి స్నానం చేయిస్తోంది. 2023లో అకౌంట్ బ్లాక్ అయింది. మనిషి హైకోర్టు దాకా వెళ్తే 2024 మార్చిలో కోర్టు గూగుల్‌కి నోటీసు ఇచ్చింది.

ఆ రెండో కథ చదివినరోజు నేను లేచి వెళ్లి మా పాత ఆల్బమ్ స్కాన్లు వెతికాను. అమ్మమ్మ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, సాంబ్రాణి పొగ వేసేముందు తీసిన ఫొటో లేని తెలుగిల్లు ఉందా? మనకది ముచ్చట. ఎక్కడో సర్వర్‌లో కూర్చున్న ప్రోగ్రామ్‌కి నలుగంటే ఏం తెలుసు? పిల్లల్ని హింసించేవాళ్లని పట్టుకోవడానికి ఇలాంటి తనిఖీ ఉండాలనే నేనూ అంటాను, ఇద్దరు పిల్లల తల్లిని. కానీ పొరపాటు జరిగినప్పుడు సరిదిద్దే మనిషి ఒకరు ఉండాలి కదా. 2025 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలో, ఆపిల్ సాఫ్ట్‌వేర్ మీద పుస్తకాలు రాసిన ఒకాయనకే ఆపిల్ అకౌంట్ మూతపడింది. కారణం పెద్ద దుకాణంలో కొన్న గిఫ్ట్ కార్డ్‌ని అకౌంట్‌లో వేసుకోబోవడం. ఆయన తన కథ రాస్తే అది ప్రపంచమంతా తిరిగింది, అప్పుడు అకౌంట్ తెరిచారు. మన మామయ్యగార్ల కథ ప్రపంచమంతా తిరగదు.

కాబట్టి వెబ్‌లో ఒక మెయిల్ అకౌంట్ పోవడం వేరు, ఇంట్లో కంప్యూటర్‌కీ దాని డిస్క్‌కీ ఉన్న తాళం అదే అకౌంట్ కావడం వేరు. ఆపరేటింగ్ సిస్టమ్ అకౌంట్ అడగడంలో నాకు కనిపించే అసలు ప్రమాదం ఇదే. అన్ని గదులకీ ఒకే తాళంచెవి, అదీ మన బొడ్లో కాకుండా పక్కూళ్లో.

ఇప్పుడు ప్రభుత్వాలు కూడా ఇదే దారి పడుతున్నాయి, అయితే కారణం వేరు. కాలిఫోర్నియాలో గవర్నర్ న్యూసమ్ 2025 అక్టోబర్‌లో సంతకం చేసిన ఏబీ 1043 చట్టం 2027 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. అకౌంట్ పెట్టేటప్పుడే వాడబోయేది ఎంత వయసు వాళ్లో ఆపరేటింగ్ సిస్టమ్ అడగాలి. 13 లోపా, 16 లోపా, 18 లోపా, పెద్దవాళ్లా అన్నది యాప్‌లకి తెలియజేయాలి. ఐడీ కార్డు చూపించమని ఆ చట్టం అనదు, తల్లిదండ్రులు చెప్పిన పుట్టినతేదీ చాలు. టెక్సస్ చట్టం ఇంకా కఠినం. యాప్ స్టోర్లు అందరి వయసూ నిర్ధారించాలని, పిల్లలు ప్రతి యాప్‌కీ తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని అంది. 2026 జనవరి 1న మొదలవ్వాల్సిన దాన్ని వారం ముందు ఫెడరల్ జడ్జి నిలిపేశారు. పన్నెండేళ్ల పిల్లాడు ఏ యాప్ దింపుకుంటున్నాడో తెలియాలని నాకూ ఉంటుంది. ఆ మేరకు కాలిఫోర్నియా పద్ధతి నాకు నచ్చింది కూడా. కాకపోతే రేపు ఆ వయసు చెప్పే పని కూడా ఆన్‌లైన్ అకౌంట్‌కే అప్పగిస్తారు. అప్పుడు అకౌంట్ ఎందుకు తప్పనిసరి అని అడిగితే ‘చట్టం ఉంది’ అంటారు. అది వయసు అడిగే చట్టం, అకౌంట్‌ని ఎక్కడో సర్వర్‌లో పెట్టమనే చట్టం కాదు. ఈ తేడా ఇప్పుడే గుర్తుపెట్టుకోవడం మంచిది.

మనిషి పోయాక సంగతి ఏమిటని కూడా ఆలోచించాలి. ఇష్టం లేకపోయినా. గూగుల్‌లో ఇన్ని నెలలు అకౌంట్ వాడకపోతే ఫలానావాళ్లకి ఇవ్వండి అని ముందే రాసిపెట్టుకోవచ్చు. ఆపిల్‌లో 2021 నుంచి లెగసీ కాంటాక్ట్ ఉంది. మైక్రోసాఫ్ట్‌లో అలాంటిది లేదు, కోర్టు ఉత్తర్వు తెస్తే పరిశీలిస్తామంటుంది. ఇండియాలో 2023 నాటి డేటా రక్షణ చట్టంలో నామినీని పెట్టుకునే హక్కు ఇచ్చారు. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, చాలా భాగం అమలుకి 18 నెలల గడువుంది. బ్యాంకులో నామినీ లేకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయని మన పెద్దవాళ్లకి ఈ మాట చెబితే ఇట్టే అర్థమవుతుంది.

మా ఇంట్లో ఏం చేశామో చెబుతాను. కొత్త ల్యాప్‌టాప్‌కి అకౌంట్ ఇవ్వక తప్పలేదు, ఇచ్చాం. తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్‌కి వెళ్లి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేని ఇంకో యూజర్‌ని చేర్చుకున్నాం. ఈ దారి ఇంకా తెరిచే ఉంది. దానికి అడ్మినిస్ట్రేటర్ హక్కు ఇచ్చి రోజూ అదే వాడుతున్నాం. ఆ 48 అంకెల కీ ప్రింట్ తీసి పాస్‌పోర్ట్‌ల ఫైల్లో పెట్టాను. దాన్ని ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే పెట్టె తాళంచెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే. ఫొటోలకి విడిగా ఒక హార్డ్ డ్రైవ్ కొన్నాం. ప్రతి పండక్కీ అందులోకి ఎక్కించడం నా పని. పండగ పేరు పెడితే మరిచిపోను. విండోస్ 11కి పనికిరాని పాత ల్యాప్‌టాప్‌లో మా వారు లినక్స్ మింట్ వేశారు. అది ఏ అకౌంటూ అడగలేదు, పేరు అడిగి ఊరుకుంది. పిల్లలు హోంవర్క్ దాని మీదే చేస్తున్నారు. స్కూల్ వాళ్ల అకౌంట్ మాత్రం బ్రౌజర్‌లో తెరవాల్సిందే.

పెద్దవాళ్ల అకౌంట్లకి రికవరీ నంబర్‌గా వాళ్లదొక్కటే కాకుండా ఇక్కడి మన నంబర్ కూడా చేర్చాం. మెయిల్ కూడా ఆఫీసుది కాకుండా సొంతది పెట్టాం. ఇండియా సిమ్ ఇక్కడికి తెచ్చుకున్నవాళ్లు క్యాలెండర్‌లో 90 రోజుల లెక్క రాసుకోండి. ఈ నాలుగు పనులకీ ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది, అందులో గంట మామయ్యగారికి వీడియో కాల్‌లో ఫోన్ ఎటు తిప్పాలో చెప్పడానికే సరిపోయింది.

అకౌంట్ బ్యాకప్ కోడ్లు పది ఆయనకి చదివి వినిపించాను. టీటీడీ డైరీ వెనక పేజీలో, పాలవాడి లెక్కల కింద, ఒక్కొక్కటీ రాసుకున్నారు. రాసి మళ్లీ నాకు చదివి వినిపించారు, ఒక్క అంకె తప్పులేదు. “ఇవి ఎప్పుడు వాడాలమ్మా?” అని అడిగారు. అది మీరు కాదన్నప్పుడు, అన్నాను.